ఆరు పొరల దోమతెర

ఆ ఇంట్లో పదహారు రోజులు దీపం కొండెక్కలేదు. ఒకటి కాదు, రెండు. సుందరరాజులు పటం ముందు పెట్టిన నువ్వులనూనె ప్రమిద ఒకటి. నట్టింట్లో గోడవారన ఉన్న అద్దాల తొట్టి మీది ట్యూబులైట్లు రెండోది.

ప్రమిద ఆరకూడదన్నది లోకానికంతా తెలిసిందే. తొట్టి లైటు ఆరకూడదన్నది మాత్రం అత్తగారు పంకజమ్మ పెట్టిన కట్టు. ఆ రోజు పొద్దున సుందరరాజులు అంగడికి పోబోతూ ఎప్పటిమాదిరే తొట్టి లైటు వేశాడు. చెప్పులు తొడుక్కోవడానికి గడప దగ్గర వంగినవాడు మళ్ళీ లేవలేదు. యాభైరెండేళ్ళు. డాక్టరు వచ్చేలోపలే అయిపోయింది.

"నా బిడ్డ చేత్తో ఎలిగించిన కడాపటి దీపం అది. పదహారోనాటి కరుమాది అయ్యేదాకా దాన్ని ఎవరన్నా ఆర్పితే నా మీద ఒట్టే" అనింది పంకజమ్మ, శవం ఇంకా ఇంట్లో ఉండగానే.

తల్లి మాట దాటే కొడుకు కాదు లోకనాథం. సుందరరాజులు తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ గుడియాత్తం బజారులో కరెంటు సామాన్ల అంగడి నడిపేవాళ్ళు. ఆ ఏడు తమిళనాడంతా కరెంటు కోత. గంట ఉంటే రెండు గంటలుండదు. లుంగీ మగ్గాలు, అగ్గిపెట్టెల కార్ఖానాలు సగంరోజు నోరు మూసుకుని పడుండేవి. గెలిచిన పార్టీవాళ్ళు ఇది మీరు వదిలిపోయిన చీకటంటే, ఓడిన పార్టీవాళ్ళు ఇది మీరు తెచ్చిన చీకటని మైకు పెట్టి అరిచేవాళ్ళు. అంత చీకటిలోనూ ఆ ఇంటి తొట్టి లైటు ఆరలేదు. లోకనాథం అంగడిలోంచి పెద్ద బ్యాటరీలు మోసుకొచ్చి ఇన్వర్టరుకు తగిలించాడు. చూడొచ్చినవాళ్ళంతా "తమ్ముడంటే ఇట్లుండాల" అన్నారు.

లోపలి చీకటిగదిలో మూల కూర్చున్న సుందరరాజులు భార్య కోమల మాత్రం తలుపు కిందినుంచి వచ్చే ఆ నీలిపాటి వెలుతురు గీతనే చూస్తూ ఉండేది. పగలు చూసింది, రాత్రి చూసింది. ఆమెకు తెలుసు అది తప్పని.

"వీటికీ రాత్రి కావాల కోమలా" అనేవాడు ఆయన, రోజూ సాయంత్రం ఆరు కొట్టగానే స్విచ్చి నొక్కుతూ. "పగలు తొమ్మిది గంటలు చాలు. ఆమీద వెలుతురు పెడితే పని ముగిసినోణ్ణి మళ్ళా మగ్గంలో కూర్చోబెట్టినట్టు."

ఈ మాట అత్తగారితో చెప్పాలని మొదటి రోజే అనుకుంది. చుట్టాలు చుట్టూ ఉన్నారని ఊరుకుంది. మూడోరోజు అనుకుంది. నోరు పెగల్లేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆ ఇంట్లో ఎవరి మాటకూ అడ్డు చెప్పినట్టు లేదు. ఇప్పుడు, మొగుడు పోయిన పదిరోజులకే, ఆయన దీపం ఆర్పమని చెప్పడమా? జనం ఏమనుకుంటారు? అట్లా అనుకుంటూనే పదహారు రోజులు గడిపింది.

ఆ తొట్టిలో ఉన్నది సముద్రం. అట్లనే చెప్పేవాడు సుందరరాజులు. కోమల పుట్టింది ఒడుగత్తూరులో, జవ్వాది కొండల కింద. సముద్రాన్ని ఒక్కసారే చూసింది, మద్రాసులో, పెళ్ళైన ఏడాది. పిల్లలు కలగలేదు. పెళ్ళైన పద్దెనిమిదో ఏట ఆయన వేలూరు నుంచి ఈ తొట్టి తెచ్చాడు. ఉప్పు కలిపి నీళ్ళు చేశాడు. రాళ్ళు పేర్చాడు. వేలూరులో చేపల తొట్టెల అంగడి పెట్టుకున్న తంగవేలు దగ్గర ఒక పగడం తెచ్చాడు. మన సముద్రంలో పగడాన్ని తెంచడం నేరమట, అది పైదేశంలో తొట్టిలోనే పెరిగి కాగితాలతో విమానం ఎక్కి వచ్చిందట. రాయిలాంటిది కాదు, మెత్తన. బొటనవేలంత ఉండింది. పుట్టగొడుగు మాదిరి కాడ, పైన గొడుగు, గొడుగు నిండా సన్నటి వేళ్ళు. పన్నెండేళ్ళలో అది గంజి వార్చే సిబ్బిరేకంత అయింది. తేనెరంగు. పొద్దున లైటు పడగానే ఆ వేళ్ళన్నీ మెల్లగా బయటికొచ్చి నీళ్ళలో ఊగేవి. తగ్గిన నీళ్ళు పోయడం, అద్దం తుడవడం కోమల పని. వేళ్ళు విచ్చుకునేదాకా చూసిగానీ ఆయన అంగడికి పోయేవాడు కాదు.

"అన్న దాన్ని చూసుకున్నట్టు నన్ను చూసింటే నేను కలెక్టరు అయ్యుందును" అనేవాడు లోకనాథం.

"నిన్నూ నీళ్ళలో వేసి మూత పెట్టింటే బాగుపడుందువు" అనేవాడు అన్న.

కరుమాది ముగిసి కోమల గదిలోనుంచి బయటికి వచ్చిన రోజు వాకిట్లో ఎండ కళ్ళలో గుచ్చుకుంది. కొంగు అడ్డం పెట్టుకుని నేరుగా తొట్టి దగ్గరికి పోయింది. పగడం వేళ్ళు లోపలికి లాక్కుని, చెంపలు పీక్కుపోయిన మనిషి మాదిరి ఉంది. రంగు చూస్తే నీళ్ళు ఎక్కువైన టీ.

ఆ సాయంత్రం మొదటిసారి లైటు ఆర్పారు. మరుసటిరోజు వేస్తే ట్యూబులు వెలగలేదు. రెండు కొసలూ నల్లగా మాడిపోయాయి.

"వదినా, నువ్వేం కలత పడొద్దు" అన్నాడు లోకనాథం. మద్రాసుకు ఫోను చేశాడు, బస్సులో పార్సిలు తెప్పించాడు. ఎల్ఈడీ దీపం. అప్పట్లో అది కొత్త. ఇనపకాళ్ళతో తొట్టి మీద నిలబడేది. తగ్గించే మీట లేదు, స్విచ్చి వేస్తే నిండుగా వెలగడమే. వేశాడు. నట్టిల్లంతా మధ్యాహ్నపు ఎండ కాసినట్టయింది. "చూడమ్మా, అన్నకు ఇట్లాంటిది పెట్టాలని ఎంత ఆశ!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. పంకజమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. అంత ప్రేమగా పెట్టిన దీపాన్ని వద్దనడానికి కోమలకు మళ్ళీ నోరు రాలేదు.

మూడోరోజు పొద్దున చూస్తే పగడం తెల్లగా ఉంది. గొడుగు అంచులనుంచి నడిమిదాకా, ఉతికిన గుడ్డలాంటి తెలుపు. కాడ దగ్గర మాత్రం ఇంకా రవ్వంత రంగు.

పంకజమ్మ కూడా చూసింది. చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "తెల్లగుడ్డ కప్పినట్టుండాదే! ఇంట్లో ఒక చావు చాలదా? ఎత్తి పారేయండి దాన్ని."

"ఉండనీమ్మా, అన్న పెంచినది" అన్నాడు లోకనాథం.

"అన్న పెంచినాడని శవాన్ని నట్టింట్లో పెట్టుకుంటామా? పదిదినాల్లో మాసికం. చుట్టాలొస్తారు. అప్పటికి తెప్పరిల్లితే ఉండనీ, లేదా తొట్టితో కూడా తంగవేలుకు పంపించెయ్. ఇంక నా దగ్గర దాని మాట ఎత్తొద్దండి."

కొత్తగా మొగుడు పోయిన ఆడమనిషి మూడునెలలు గడప దాటకూడదు. వేలూరు పోవడానికి లేదు. కోమల లోకనాథం సెల్లు అడిగి తీసుకుని పెరట్లోకి పోయి, తంగవేలుకు ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. తంగవేలు తమిళం మనిషి, గుడియాత్తం వ్యాపారస్తుల సావాసంతో తెలుగు వచ్చింది.

"అక్కా, వేలితో ముట్టి చూడు. ముడుచుకుంటాదా?"

"అప్పుడే చూసినా. ముడుచుకుంటాది, కొంచెం."

"అట్లంటే ఉయిరుండాది. చావలేదు. దాని ఒంట్లో కంటికి కనబడని పాచి కాపురముంటాదక్కా. ఆ రంగు పాచిది. ఎలుతురు తిని దానికి అన్నం పెట్టేది కూడా ఆ పాచే. ఎలుతురు ఒకేపొద్దు ఎక్కువైందంటే అది ఓర్చుకోలేక పాచిని బయటికి తరిమేస్తాది. అన్న ట్యూబులు రెండేండ్ల పాతవి, మసకబారినవి. దానికే అలవాటు పడింది. దాన్ని పదహారు దినాలు నిద్ర లేకుండా పెట్టి, ఆమీద నడినెత్తిన సూరియన్ని పెట్టినారు!"

కోమల గోడకు చెయ్యి ఆనించుకుంది.

"దోమతెర ఉండాదా ఇంట్లో? ఆరు మడతలు కత్తిరించి అద్దం మూత మీద పరువు. దీపానికి చుట్టొద్దు, కాలుతాది. ఈపొద్దు నాలుగు గంటలే ఎలుతురు. దినానికి కొంచెం పెంచు. ఐదుదినాలకొక పొర తియ్. దాని ముఖం చూసి తియ్. వేళ్ళు ముడుచుకుంటే పొర తీయొద్దు. ఆరు పొరలు పోయేకి నెల అవతాది."

"నెల లేదు తంగవేలూ. పదిదినాలే."

"ఎలుతురుకు అవసరపెట్టకూడాదక్కా, తొందర పనికిరాదు. పొరుమ కావాల. ఓర్పు లేకుంటే అది దక్కదు."

ఇంట్లో ఉన్న దోమతెర ఒక్కటే. ఆయన మంచానిది. కోమల దాన్ని దించి నట్టింట్లో పరిచి కత్తెర పట్టుకునేసరికి పంకజమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"వాడు పండుకున్న తెర."

"అవునత్తా."

"దాన్ని కోస్తావా?"

కోమల కత్తెర ఆపలేదు. కోత వంకరగా పోతోంది, అయినా ఆపలేదు. ఆరు ముక్కలు చేసి, ఒకదానిమీద ఒకటి అద్దం మీద పరిచింది. ఎండ మబ్బులోకి పోయినట్టు తొట్టి మసకబారింది. పంకజమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి కోమల బతుకంతా ఆ తొట్టి ముందే. తొట్టి కింది బల్ల పక్కన సుద్దముక్కతో రోజుకొక గీత. నాలుగు గంటలు, నాలుగున్నర, ఐదు. కరుమాది కాగానే బ్యాటరీలు అంగడికి తిరిగిపోయాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనుక వెలుతురు గంటలు పోగుచేసుకోవాలి, పొద్దున ఒక గంట, మధ్యాహ్నం రెండు. పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పుడు దీపం తనంతట తాను వెలగకుండా స్విచ్చి ఆర్పి పెట్టాలి. వీధిలో పార్టీ ఆటో ఉచిత ఫ్యాన్ల మాట మైకులో చెప్పుకుంటూ పోతుంటే ఇంట్లో ఫ్యాను తిరిగేది కాదు.

"ఫ్యానిచ్చినోళ్ళు ఆ కరెంటు కూడా పొట్లం కట్టిచ్చి పోతే పుణ్యముండును" అనేది పంకజమ్మ విసనకర్ర ఊపుకుంటూ. తొట్టివైపు మాత్రం కన్నెత్తేది కాదు.

ఐదోరోజు గొడుగు అంచున పదో పన్నెండో వేళ్ళు బయటికి వచ్చాయి. తెల్లటివే, గాజుదారాల్లాంటివి. కానీ వచ్చాయి. కోమల ఒక పొర తీసింది. ఇంక ఐదు.

ఆరోరోజు, ఏడోరోజు అట్లనే ఉన్నాయి. ఎనిమిదో రోజు వంటింట్లో మాసికానికి పప్పులు ఏరుతూ అత్తగారు లోకనాథంతో అనడం వినబడింది: "తంగవేలుకు చెప్పినావా, బండి తెమ్మని?"

"చెప్తా లేమ్మా."

"చెప్తా కాదు. చెప్పు."

కోమల తొట్టి ముందు నిలబడి చాలాసేపు చూసింది. వేళ్ళు వస్తున్నాయి గదా. ఇంకాస్త వెలుతురు పడితే రంగు కూడా వస్తుందేమో. ఎల్లుండికి రవ్వంత రంగు కనబడితే చాలు. తంగవేలు ఎక్కడో వేలూరులో ఉన్నాడు, ఎదురుగా చూస్తున్నది తాను. రెండు పొరలు ఒకేసారి లాగేసింది. ఆ రోజు ఏడుగంటలు వెలిగించింది.

మరుసటి రోజు మధ్యాహ్నానికి వేళ్ళన్నీ పోయాయి. గొడుగు ముడతలు పడి ఒక పక్కకు ఒరిగింది. పైన మైనంలాంటి పొర కమ్ముకుంది. ఒకవైపు అంచు గోధుమరంగుగా చీకుతోంది, అది మంచి రంగు కాదని చూస్తేనే తెలుస్తోంది.

"ఏం జేసినావక్కా?" అన్నాడు తంగవేలు ఫోనులో. ఆమె చెప్పింది. విని అతను అన్నాడు: "తిరిగీ పరువు ఆ రెండు పొరలూ. నీళ్ళు దాని మీద జోరుగా తగిలేట్టు తొట్టిలోని మోటారు తిప్పి పెట్టు, ఆ మైనం ఊడిపోవాల. చీకిన అంచును కొత్త బ్లేడుతో కోసి పారెయ్, లేదంటే పాకతాది."

ఆమె చేతికి సబ్బు అంటకుండా నీళ్ళతో కడుక్కుని, తొట్టిలో మోచేతిదాకా పెట్టి, బ్లేడుతో ఆ అంచు కోసింది. పన్నెండేళ్ళు ఆయన పెంచింది, అరచేయంత ముక్క.

మాసికం రోజు. పురోహితుడు వచ్చి పోయాడు, కాకికి అన్నం పెట్టారు, చుట్టాలు విస్తళ్ళ ముందునుంచి లేచారు. నట్టింట్లో తొట్టి దీపం ఆర్పి ఉంది. ఐదు పొరల తెర కింద, అంచు తెగిన తెల్లటి గొడుగు. ఎవరో ఆడమనిషి "ఏందది, పాడైన పుట్టగొడుగా?" అనింది. ఇంకెవరో నవ్వారు.

పంకజమ్మ ముఖం ఎర్రబారింది. "లోకా, బక్కెట్టు తే."

లోకనాథం వదినవైపు చూశాడు. పోయి బక్కెట్టు తెచ్చాడు. తొట్టి ముందు పెట్టాడు. చొక్కా చేతులు పైకి మడవబోయాడు.

"ఆగప్పా" అనింది కోమల.

గట్టిగా అనలేదు. అయినా మాటలన్నీ ఆగిపోయాయి. ఆమె గొంతు ఆ నట్టింట్లో విన్నవాళ్ళు తక్కువ.

"అత్తా, వేలూరు కంటాస్పత్రిలో నీ కంటికి ఆపరేషను చేసినప్పుడు, ఇంటికి తోడుకోనొచ్చి ఆయన ఏం జేసినాడు?"

పంకజమ్మకు అర్థం కాలేదు. "ఏం జేసినాడు?"

"నీకు ఎలుతురు గుచ్చుకుంటా ఉండాదని నీ గది కిటికీకి తన ధోవతి మడతపెట్టి కట్టినాడు. దినానికొక మడత ఇప్పుతా వచ్చినాడు. మూడోదినం నువ్వు ఓపలేక, ఎండ చూడాలని మొత్తం లాగేస్తివి. కన్ను ఎర్రబారి ఒకటే నీళ్ళు. గుర్తుండాదా? అప్పుడు ఆయన నిన్ను కసురుకున్నాడా? కన్ను పోయిందని వదిలేసినాడా? తిరిగీ మొదటినుంచి కట్టినాడు."

కోమల తొట్టి మీది తెర సర్దింది.

"మొన్న నేనూ నీ మాదిరే లాగేస్తి. ఓపలేకపోతి. ఇంకో మాట కూడా ఉండాది. ఆ పదహారు దినాలు లైటు ఆర్పకుంటే దీనికి చేటని నాకు తెలుసు. ఆయన దినమూ చెప్పేవాడు. గదిలో కూర్చుని చూస్తానే ఉంటిని, నోరు తెరవలేదు. తప్పు నాది. దానికి శిక్ష దానికెందుకు?"

పంకజమ్మ చాలాసేపు బక్కెట్టువైపే చూసింది. చూపు ఆనకపోయినా లేచి తొట్టి దగ్గరికి వచ్చి, అద్దానికి ముక్కు ఆనించింది. ఆమె ఊపిరికి అద్దం మసకబారింది. కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది.

"ఆ కాడ దగ్గర... ఆ రంగు మొదటినుంచీ ఉండిందా?"

"ఉండింది. అది పోలేదు."

"ఆర్పొద్దనింది నేను గదా" అనింది ముసలామె, ఎవరితోనూ కాదు. తర్వాత కొడుకువైపు తిరిగింది. "ఏంరా, ఆడ నిలబడుండావు? బక్కెట్టు తీస్కపోయి పెరట్లో పెట్టు. తొట్టి ముందర ఏందా బక్కెట్టు, చావింట్లో మాదిరి!"

తర్వాతి కథ నిదానంగా నడిచింది. పదిరోజులు ఒక్క పొర కూడా తీయలేదు. కోసినచోట గాయం తెల్లగా మూసుకుంది. వేళ్ళు మళ్ళీ వచ్చాయి, మొదట నాలుగు, తర్వాత పిడికెడు. పొరలు ఐదునుంచి నాలుగైన రోజు కాడనుంచి రంగు పైకి ఎగబాకినట్టు అనిపించింది. అనిపించడమే, గట్టిగా చెప్పలేకపోయింది కోమల. పంకజమ్మ చెప్పింది. "నిన్న ఈడిదాకా ఉండింది, ఈపొద్దు ఈడికొచ్చింది" అని అద్దం మీద వేలు పెట్టి చూపించింది. సాయంత్రం ఆరు కొట్టగానే "ఏమ్మే, ఆర్పు, దానికి నిద్రపొద్దయింది" అని కేకేసేది కూడా ఆమే. ఆ తర్వాత మరో పొర తీసినప్పుడు వేళ్ళు ఒకపూట ముడుచుకున్నాయి. కోమల మళ్ళీ పరిచింది. నాలుగురోజులాగి తీసింది. ఈసారి ఓర్చుకుంది.

ఆఖరి పొర తీసేనాటికి మూడోనెల నడుస్తోంది. పంకజమ్మే తీసింది, రెండు చేతులతో, పూలబుట్ట మీది తడిగుడ్డ తీసినట్టు. కింద పగడం పాత తేనెరంగుకు రాలేదు. లేతగా, కొత్త బెల్లం రంగులో ఉంది. ఒక పక్క అంచు లేక గొడుగు వంకరగానే ఉంది. వేళ్ళు మాత్రం నిండా విచ్చుకుని నీళ్ళలో ఊగుతున్నాయి. పంకజమ్మ ఆ తెరముక్కను మడిచి, పారేయకుండా, కొడుకు బట్టల పెట్టెలో పెట్టింది.

మూడునెలలు నిండిన రోజు తొట్టి ఉప్పు అయిపోయింది. లోకనాథం వేలూరు పోయి తెస్తానన్నాడు.

"నేను పోతా" అనింది కోమల. "తంగవేలుకు ఒకసారి చెప్పి రావాల, ఇది బతికిందని."

సంచి తీసుకుని గడప దాటింది. అన్నినాళ్ళ తర్వాత వీధి. పదిగంటల ఎండ నున్నటి సిమెంటు రోడ్డు మీదినుంచి లేచి కళ్ళలో పడింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కక్షణం నిలబడిపోయింది.

వెనకనుంచి పంకజమ్మ కేక వినబడింది.

"కోమలా! నడివీధిన పోవద్దు. మగ్గాల ఇండ్ల పక్కన నీడుండాది, బస్టాండుదాకా అట్లనే పో. మొదటిదినం!"

కోమల కొంగు తలమీదికి లాక్కుని, నీడ పక్కకు జరిగి, నడవడం మొదలుపెట్టింది.